ఆగిపోయిన అరణ్యపర్వము

ఆంధ్ర మహాభారతమున అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమందలి 142వ పద్యము శరద్రాత్రుల వర్ణనము. వానలు వెనుకబట్టినవి. చుక్కలు తేటగా కనబడుచున్నవి. కలువల తావిని మోసికొని గాలి వీచుచున్నది. వెన్నెల ఆకాశమంతట నిండినది. నన్నయభట్టు రచన ఆ పద్యముతో ముగిసినది. దాని తరువాతి పద్యమున తెల్లవారును. మబ్బులు విడిన ఆకాశమున ఎఱ్ఱని కిరణములు పొడచూపును, తామరలు విచ్చును. ఆ వేకువను వర్ణించినవాడు నన్నయ కాడు, ఎఱ్ఱన. ఆ రాత్రికిని ఈ వేకువకును నడుమ సుమారు 280 సంవత్సరములు గడచినవి.

ఈనాడు మనము పుటలు త్రిప్పి ఒక్క నిమిషములో దాటిపోవు ఆ చోటును తెలుగువారు మూడు శతాబ్దములపాటు దాటలేకపోయిరి. మొదట ఎదురుచూచిరి. తరువాత భయపడిరి. కొందరు దానిని విడిచి ముందునకు పోయిరి. ఒక మహాగ్రంథమున నడిమి సంపుటము నడుమనే నిలిచిపోయినప్పుడు చదువరులును శ్రోతలును ఏమి చేసిరో తెలిసికొనుట సాహిత్య చరిత్రలో ఒక ముఖ్య భాగమే అయినను, కవుల కాలనిర్ణయములకు ఇచ్చినంత శ్రద్ధ మన పండితులు దీనికి ఈయలేదని నా అభిప్రాయము.

ఏలూరు ప్రాంతమువారికి ఈ కథతో దగ్గరి చుట్టరికము కలదు. ఏలూరునకు ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న పెదవేగియే పూర్వపు వేంగీపురము. శాలంకాయనులు అక్కడనుండి ఏలిరి. వారి తరువాత చాళుక్యులు 7వ శతాబ్దమున ఈ దేశమును చేకొని, ఊరి పేరునే దేశమునకు పేరుగా నిలిపిరి. కాలక్రమమున రాజధాని గోదావరి యొడ్డునకు మారినది. అయినను నన్నయ తన యవతారికలో రాజమహేంద్రపురమును వేంగీదేశమను హారమునకు నాయకమణిగా చెప్పెనే కాని, వేంగి పేరు విడువలేదు. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడు చంద్రవంశమువాడనని చెప్పుకొన్నవాడు. పాండవులు ఆయనకు పూర్వులు. కనుక ఆయన అడిగినది పరుల కథ కాదు, తన యింటి కథ.

ఆ యింటి కథ వినుటకు ఆయనకు తీరిక యెంత యుండెను? సవతి తమ్ముడు విజయాదిత్యునితో సింహాసనమునకై పెనుగులాట ఒకవైపు. పడమటినుండి కర్ణాట సేనల దాడులు మరియొకవైపు. ఇందుకు సాక్ష్యము కొల్లేటికి చేరువనే దొరకినది. కలిదిండి తామ్రశాసనములు రాజరాజు వేయించినవే. కర్ణాట సైన్యముతో జరిగిన పోరాటమున ఆయన పక్షమున నిలిచిన ముగ్గురు చోళ సేనానులు మడిసిరనియు, వారి జ్ఞాపకార్థము ఆయన కలిదిండిలో మూడు శివాలయములు కట్టించెననియు ఆ శాసనము చెప్పుచున్నది. 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో పెదవేగియు కలిదిండియు రెండును చేరినవి. భారతకథ విన్న రాజు వంశమువారు తొలుత ఏలిన ఊరును, ఆ రాజు యుద్ధములలో కూలినవారి గుర్తును ఒకే జిల్లాలో చూడవచ్చును. నన్నయ రచన యేల ఆగెనని అడుగువారు ముందుగా కలిదిండి శాసనమును చదువుట మంచిది.

రాజరాజు 1061లో గతించెను. ఆయన కుమారుడు 1070లో దక్షిణమునకు పోయి కులోత్తుంగ చోళుడను పేర చోళ సింహాసనమునెక్కెను. తండ్రి వినగోరిన కథను కుమారుడు కొనసాగింపజేసినట్లు చెప్పు గ్రంథమేదియు మనకు చేరలేదు. నన్నయకు భారత రచనయందు తోడుపడి, నందంపూడి అగ్రహారమును పొందిన నారాయణభట్టు కలముతో సాగిన శేషమును లేదు. అడిగిన రాజు లేడు, వ్రాసిన కవి లేడు, రాజ్యమే మరియొక రాజ్యమున కలిసిపోయినది.

అప్పటి శ్రోత స్థితిని ఒకమారు తలచుకొనుడు. తింటే గారెలే తినవలెను, వింటే భారతమే వినవలెనని సామెత. ఆ విన్న భారతము తెలుగున ఎక్కడికి వచ్చి ఆగినది? జూదము జరిగినది. ద్రౌపదికి సభలో పరాభవము జరిగినది. భీముడు ప్రతిజ్ఞ చేసినాడు. పాండవులు అడవికి పోయిరి, నలుని కథ వినిరి, అర్జునుడు పాశుపతము తెచ్చినాడు, కొండచిలువయై పడియున్న నహుషునికి శాపము తీరినది. ఆ పిమ్మట ఒక చక్కని వెన్నెల రాత్రి. అంతే! ఆ ప్రతిజ్ఞ నెరవేరలేదు, యుద్ధము రాలేదు, ద్రౌపది జుట్టు ముడువలేదు. తిక్కన వచ్చువరకు, సుమారు రెండువందల యేండ్లు, తెలుగు భారతమున పాండవులు అడవిలోనే యుండిరి. సంస్కృతము తెలిసినవారికి చిక్కులేదు. తెలియనివారికి పౌరాణికుడు నోటిమాటగా చెప్పవలసినదే. కాని నన్నయ పద్యము విన్న చెవికి నోటిమాట చాలునా?

కథ ఆగినచోట మరియొక కథ పుట్టును. నన్నయను గూర్చి అటువంటిది పుట్టినది. అథర్వణాచార్యుడు భారతమును రచించెననియు, అది తన గ్రంథమును మించిపోవునని నన్నయ ఓర్వలేక దానిని తగులబెట్టించెననియు, ఆ పాపమునకు, ఆ శాపమునకు నన్నయ మతి చలించి రచన ఆపివేసెననియు ఐతిహ్యము. చెప్పువారినిబట్టి వివరములు మారును, శాపము మాత్రము మారదు. దానినుండియే మరియొక నమ్మకము బయలుదేరినది. అరణ్యపర్వము తెనిగించువారికి కీడు కలుగునట! అందుచేతనే తిక్కన దానిని తాకక విరాటపర్వము నారంభించెనట! ఎఱ్ఱన కూడ ఆ భయముచేతనే శేషమును పూరించి తన రాజునకు గాక రాజరాజునకు అంకితమిచ్చెనట!

ఈ కథను చరిత్ర ఒప్పుకొనదు. అథర్వణుడు నన్నయకు తరువాతివాడని పలువురు పండితులు నిర్ణయించిరి. కాని అబద్ధమని తేల్చినంతమాత్రమున కథ విలువ పోదు. అది నన్నయను గూర్చి చెప్పుచున్నది తక్కువ, శ్రోతలను గూర్చి చెప్పుచున్నది యెక్కువ. తమకింత ప్రియమైన గ్రంథము ఏ కారణమును లేక ఆగిపోయెనని ఒప్పుకొనుటకు వారి మనసు అంగీకరింపలేదు. కవి వృద్ధుడై మరణించియుండవచ్చును, రాజు మరణించుటచే పని నిలిచియుండవచ్చును అనుట వారికి చప్పగా తోచినది. అంత పెద్ద లోటునకు అంత పెద్ద నేరమొకటి కావలసివచ్చినది. పాపము, ఆ నేరమును అందరికంటె ఎక్కువ ప్రేమించిన కవి నెత్తినే పెట్టిరి.

తిక్కన యెందుకు విడిచెను? నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రియై, కవియై వెలసిన ఆ మహనీయుడు 15 పర్వములను ఒక్కచేతిమీదుగా నడపినవాడు. అంతటివాడు మూడున్నర ఆశ్వాసములకు భయపడెననుట నమ్మశక్యము కాదు. విరాటపర్వావతారికలో ఆయన నన్నయను గౌరవముతో పేర్కొని, మొదటి మూడు పర్వములును ఆ కవి కృతులేయన్న భావము వచ్చునట్లు చెప్పెను. ఈ మాటను ఆధారము చేసికొని, నన్నయ అరణ్యపర్వమును పూర్తిచేసియేయుండెననియు, దాని కడపటి ఆకులు తిక్కన కాలమునకు తరువాత నశించెననియు వాదించినవారు కలరు. తాళపత్రముల సంగతి తెలిసినవారు ఇది జరుగరానిదని అనలేరు. కట్టలో మొదటి ఆకులును చివరి ఆకులును ముందుగా చెడును. చెదలు, చెమ్మ, పొగ, త్రాడు ఒరిపిడి అన్నియు వానికే తగులును. కాని దేశమునగల ప్రతులన్నియు ఒక్కచోటనే తెగుటకు ఆ ప్రతులు మిక్కిలి కొద్దిగా ఉండియుండవలెను.

నాకు తోచు కారణము వేరు. తిక్కన తన భారతమును హరిహరనాథునకు అంకితమిచ్చెను. ఆ కాలపు పద్ధతినిబట్టి ప్రతి ఆశ్వాసమును కృతిపతి సంబోధనతో మొదలై కృతిపతి సంబోధనతోనే ముగియును. రాజరాజునకై ఆరంభమైన పర్వమును నడుమనుండి హరిహరనాథునికై ముగించుట ఎట్లు? ఒకే పర్వమునకు ఇద్దరు భర్తలగుదురు. నన్నయ మూడు పర్వములను నన్నయకును ఆయన రాజునకును విడిచి, తనవి తాను ప్రత్యేకముగా మొదలిడుట తిక్కన చూపిన మర్యాద. ఇందు పిరికితనము లేదు. కాని మర్యాదవలన శ్రోతకు కలిగిన ఇబ్బంది మాత్రము తీరలేదు. మునుపు భారతము సగములో ఆగినది. ఇప్పుడు భారతము చివరివరకు ఉన్నది కాని నడుమ ఒక గొయ్యి ఏర్పడినది.

ఆ గొయ్యిలో పడిపోయినవేవి? మార్కండేయుడు చెప్పిన జలప్రళయ కథ. మాంసము విక్రయించు ధర్మవ్యాధుడు వేదము చదివిన కౌశికునికి ధర్మము బోధించిన కథ. ద్రౌపదీ సత్యభామల సంభాషణ. దుర్యోధనుడు ఘోషయాత్రకు వచ్చి గంధర్వుల చేతికి చిక్కుట. సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకొనిపోవుట. రామకథ. సావిత్రి కథ. కర్ణుడు తన కవచకుండలములను కోసి ఇంద్రునికిచ్చుట. కర్ణుడు లేని భారతము శొంఠి లేని కషాయమని మనవారు అందురు గదా! కర్ణుని దాతృత్వమునకు మూలమైన ఘట్టమే అప్పటి తెలుగు గ్రంథమున లేదు.

అన్నిటికిని చివర యక్షప్రశ్నలు. నీటికై పోయిన నలుగురు తమ్ములును కొలని గట్టున పడియుందురు. సంస్కృత మూలమున ఆ యక్షుడు మొదట తాను నాచును చేపలను తిని బ్రతుకు కొంగనని చెప్పుకొనును. కొల్లేటి లంకలవారికి ఈ ఘట్టమును వివరించి చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి నింపు ఆ నీళ్లు, ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవులోపల, ఎన్ని కొంగలకును గూడబాతులకును ఆశ్రయమో వారికి తెలియును. ఒంటికాలిమీద కదలక నిలిచిన కొంగను చూచి, ఇది ఇప్పుడు నన్నేమి అడుగునో అనుకొన్న పిల్లవాడు ఏ లంకలోనైన ఉండకపోడు. కథాక్రమమునకు కూడ ఈ ఘట్టము కీలకము. అజ్ఞాతవాసమున మిమ్ము ఎవ్వరును గుర్తింపలేరని ధర్మదేవత వరమిచ్చునది ఇక్కడనే. ఆ వరము లేనిదే విరాటుని కొలువున కంకుభట్టు, వలలుడు, బృహన్నల ఒక యేడు దాగుట యెట్లు సాధ్యము? తిక్కన విరాటపర్వమును తెరచిన శ్రోత ఆ వరమును సంస్కృతమునుండియో, పౌరాణికుని నోటనుండియో తెచ్చుకొనవలసియుండెను.

ఎఱ్ఱన 14వ శతాబ్దమువాడు. 1323లో కాకతీయ రాజ్యము కూలిన పిమ్మట అద్దంకిని కేంద్రముగా చేసికొని రెడ్డిరాజ్యమును నిలిపిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున ఉన్నవాడు. శంభుదాసుడని, ప్రబంధపరమేశ్వరుడని బిరుదులు పొందినవాడు. తన హరివంశమును వేమారెడ్డికిచ్చెను, నృసింహపురాణమును అహోబల నారసింహునకిచ్చెను. అరణ్యపర్వ శేషమును మాత్రము బ్రతికియున్న రాజునకును ఈయలేదు, కొలిచిన దేవునకును ఈయలేదు. ఎప్పుడో గతించిన వేంగీశ్వరుడైన రాజరాజనరేంద్రునికే ఇచ్చెను. ఆ రాజునుండి ఆయనకు రావలసిన మాన్యము లేదు, అగ్రహారము లేదు. ఆ రాజ్యమే లేదు. తిక్కన దాటలేకపోయిన చిక్కును ఎఱ్ఱన ఇట్లు విప్పినాడు: కృతిపతిని మార్చలేదు, కనుక పర్వము ముక్కలు కాలేదు.

పర్వము చివర తన్నుగూర్చి చెప్పుకొన్న పద్యమున ఆయన వాడిన మాట గమనింపదగినది. నన్నయ కవితారీతి కొంత తోచునట్లు, అది ఆయన రచనయే అనునట్లు పూరించితినని చెప్పెను. పూర్తిగా ఆయనవలెనే వ్రాసితినని చెప్పుకొనలేదు, 'కొంత' అనెను. శాపభయమున్నవాడు తన పేరు తండ్రి పేరు ఎత్తి, ఈ పని నేను చేసితినని చివర నిలిచి చెప్పునా?

ఎఱ్ఱనకు శ్రోతలు చేసిన సత్కారము విచిత్రమైనది. వారు ఆయనను మరచిపోయిరి. అతుకు కనబడనంత చక్కగా అతికినందుకు, అతికినవాని పేరు వెనుకబడినది. కవిత్రయమున ఆయన పేరు మూడవదై నిలిచినది నిజమే. అయినను నన్నయ అక్షరరమ్యతను గూర్చి, తిక్కన నాటకీయతను గూర్చి జరిగిన చర్చలలో నాలుగవ వంతైనను అరణ్యపర్వ శేషమును గూర్చి జరుగలేదు. విశ్వనాథ సత్యనారాయణగారు నన్నయ కథాకథనముపై ఒక పుస్తకమే వ్రాసిరి. సూక్ష్మముగా చదువువారు భేదములను పట్టుకొనకపోలేదు. నన్నయ సమాసము నిండుగా, నిదానముగా నడచును. ఎఱ్ఱన వర్ణన దగ్గర కొంచెము ఎక్కువసేపు నిలుచును. సంభాషణవద్దకు వచ్చునప్పటికి తిక్కన గాలి సోకును. ఇద్దరి నడుమ పుట్టినవానికి ఇద్దరి పోలికలు వచ్చుట సహజమే. ముద్రిత ప్రతులలో ఇక్కడినుండి ఎఱ్ఱన కవిత్వమని సంపాదకులు సూచింపకున్నచో, సామాన్య పాఠకుడు రాత్రినుండి పగటిలోనికి ఇట్టే నడచిపోవును.

ఇతర దేశములలో ఈ పర్వమునకు దొరకిన ఆదరము వేరుగానుండెను. జర్మను పండితుడు ఫ్రాంజ్ బాప్ భారతమును ఐరోపావారికి పరిచయము చేయబూని 1819లో నలోపాఖ్యానమును లాటిను అనువాదముతో ప్రకటించెను. 1829లో మరల జలప్రళయ కథను, సావిత్రి కథను, ద్రౌపదీహరణమును వెలువరించెను. ఇవి యన్నియు అరణ్యపర్వములోనివే. మనవారు తెనిగించుటకే భయపడిరని చెప్పబడిన పర్వమే వారికి భారతమునకు ద్వారబంధమైనది. అందు నలుడు నన్నయ పాలివాడు, మిగిలిన మూడును ఎఱ్ఱన పాలివి.

మన పల్లెలలో మాత్రము విరాటపర్వమునకున్న మన్నన అరణ్యమునకు రాలేదు. భారతపఠనమును విరాటముతో మొదలిడుట శుభమని కొందరి ఆచారము. వానలు పడనప్పుడు విరాటపర్వము చదివింతురు. దీనికి మూలము గ్రంథమందే కలదు. ధర్మరాజున్న దేశమున మేఘములు సకాలమున వర్షించునని భీష్ముడు ఆ పర్వమున చెప్పును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి పశ్చిమ డెల్టా రైతు మబ్బువైపు కంటె కాలువవైపు ఎక్కువగా చూడనారంభించెను. కాని తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున నున్న మెట్టకు, చింతలపూడి వైపు భూములకు, వానయే దిక్కు. అటువంటిచోట వర్షము తెచ్చు పర్వము ఒకటి ఉండగా, వనవాస పర్వమును ఎవరు చదివింతురు?

నాటకరంగమునను ఇదే తీరు. పశ్చిమ గోదావరిలోని యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతి శాస్త్రిగారును చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును కలిసి పాండవుల కథను ఆరు నాటకములుగా వ్రాసిరి. ప్రజలు ఉద్యోగమును, విజయమును పట్టుకొనిరి. ఆ పద్యములు రాగాలాపనతో రాత్రులు తెల్లవార్లు మ్రోగినవి. పేరులోనే వనవాసపు ఛాయగల పాండవ ప్రవాసమునకు ఆ భాగ్యము అబ్బలేదు. రాయబారము చూచుటకు బండ్లు కట్టుకొని వచ్చిన జనము, అడవిలో పండ్రెండేండ్లు ఓర్చుకొన్నవారిని చూచుటకు రాలేదని నిష్ఠూరమాడి ఫలమేమి? ఓర్పు రంగస్థలమున రక్తికట్టుట కష్టము.

చలనచిత్రము ఆ లోటు కొంత తీర్చినది. 1933లోనే సావిత్రి కథ తెలుగు మాటల చిత్రమైనది. 1965లో వచ్చిన పాండవ వనవాసము ఎఱ్ఱన పూరించిన భాగపు ఘట్టములను వేలమందికి చూపినది. అందు దుర్యోధనుడుగా నటించిన ఎస్.వి. రంగారావుగారు నూజివీడున జన్మించినవారు. 1963లో నర్తనశాలలో విరాటపర్వపు కీచకుడును ఆయనయే. తిక్కన పర్వమునకును ఎఱ్ఱన పర్వమునకును ఒకే నటుడు రెండేండ్ల యెడముతో రూపమిచ్చినాడు. ఆ చిత్రమును చూచి వచ్చినవారిలో అరణ్యపర్వమును భయపడవలసిన పర్వమని తలచినవారు ఎవరైన ఉండిరేమో నేనెరుగను.

పెదవేగిలో ఇప్పుడు రాజప్రాసాదము లేదు. దిబ్బలు, త్రవ్వకములలో బయటపడిన ఇటుక కట్టడములు, కొన్ని విగ్రహములు కలవు. ఆ వంశపు కడపటి పెద్దరాజు పేరును అరణ్యపర్వము అయిదవ, ఆరవ, ఏడవ ఆశ్వాసముల మొదట సంబోధనగా మనమిప్పటికిని చదువుచున్నాము. ఎదుట కూర్చుండి వినుచున్నవానిని పిలిచినట్లే ఎఱ్ఱన ఆయనను పిలిచి, కథ అందుకొనును.